మా అవ్వ గుమ్మానికి కట్టిన వేపాకు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఒక మనిషికి జబ్బు చేసిందంటే ఊరందరికీ చేతినిండా పని దొరికేది. ఇప్పుడు దేశం మొత్తానికీ దొరుకుతోంది, అంతే తేడా. మొన్న ఎవరో ఆటగాడు ఒంట్లో బాగాలేక జట్టులోంచి తప్పుకున్నాడట. మా మనవడు పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఫోను పట్టుకుని అది గుండె జబ్బంట, కాదు నరాల జబ్బంట, కాదు కాదు, జట్టులో గొడవలంట, జబ్బంతా ఉత్తదేనంట అని ఒకటే పారాయణం. ఆ అబ్బాయి ఇంటివాళ్ళు ఫలానా జబ్బు, కొన్నాళ్ళు విశ్రాంతి కావాలి అని చెప్పనే చెప్పారట. ఆ మాట మాత్రం ఎవరికీ చెవికెక్కలేదు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే మా చిన్నాయన గుర్తొచ్చాడు.

చిన్నాయన మా నాన్నకు తమ్ముడు. మాది బోగోలు పక్కన, గాలి తిరిగితే సముద్రం హోరు ఇంట్లోకి వినిపించే ఊరు. వరి పండించుకుని బతికే ఇల్లు. ఊరికి తూర్పున సరుగుడు తోపు, తోపు పక్కన ఇసుక నేల. ఆ ఇసుకలో మా ఊరి మగపిల్లలంతా చెడుగుడు ఆడేవారు. ఇప్పుడు కబడ్డీ అంటున్నారు గానీ మాకది చెడుగుడే. చిన్నాయన పెద్ద కండలవాడేం కాదు. సన్నగా, పొడుగు చేతులతో ఉండేవాడు. కాని గీత దాటి కూతకు వెళ్ళాడంటే ఆ కూత తెగేది కాదు. అవతలివాళ్ళు నలువైపులా మూగినా ఎట్లా వంగేవాడో, ఎట్లా జారేవాడో, ఒకణ్ణి తాకి మళ్ళీ మా వైపుకి వచ్చి పడేవాడు. ఆట అయ్యాక నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. ఇద్దరి తలల నిండా ఇసుకే. మా అవ్వ, అంటే వాళ్ళమ్మ, గుమ్మంలోనే మమ్మల్ని నిలబెట్టి తిట్టేది.

ఏటా ఎండాకాలం తిరునాళ్ళకు పక్క ఊరితో పందెం ఉండేది. చిన్నాయనకు జబ్బు చేసిన ఏటికి ముందు ఏడు మేము ఓడిపోయాం. చిన్నాయననే కాలు పట్టి పడేశారు. ఆ ఏడంతా మా ఊరి మగవాళ్ళు పక్క ఊరి మీదుగా సైకిలు తొక్కాల్సి వస్తే తల వంచుకుని వెళ్ళారంటే నమ్మండి. అందుకని ఈసారి పరువంతా చిన్నాయన మీదే పెట్టారు.

తిరునాళ్ళు దగ్గరపడుతుండగా ఒక సాయంత్రం తోపు దగ్గర ఆడుతూ ఆడుతూ కూత మధ్యలోనే చిన్నాయనకు ఊపిరి తెగిపోయింది. ఎవరూ ముట్టుకోకుండానే ఇసుకలో కూలబడ్డాడు. అట్లాంటి మనిషి ఎవరి చెయ్యీ పడకుండా కూర్చోవడం మేము ఎన్నడూ చూడలేదు. ఇంటికొచ్చి వాంతి చేసుకున్నాడు. అన్నం వాసనే పడలేదు. తెల్లారి అవ్వ అతని మొహాన్ని ఎండకు తిప్పి, కనురెప్ప విడదీసి చూసింది. చూసి మా నాన్నను లేపింది. మొదటి బస్సుకు కావలి తీసుకుపోయారు.

డాక్టరు కామెర్లని చెప్పాడు. కాలేయం బాగా వాచిందన్నాడు. మంచం దిగకూడదు, నూనె చుక్క తగలకూడదు, చేపల జోలికి పోకూడదు. తను సరేననేదాకా ఆ ఇసుకలో అడుగు పెట్టకూడదు. ఈ ఒంటిని ఇప్పుడు పరుగెత్తిస్తే మళ్ళీ నా దగ్గరకు తేవొద్దు, తెచ్చినా నేను చేసేదేమీ ఉండదు అని తెగేసి చెప్పాడట. మా నాన్న ఆ మాట పెరట్లో నిలబడి అవ్వకు చెప్పాడు. కాలేయం అంటే ఏమిటో నాకు తెలియదు. నాన్న మొహం చూసి భయం మాత్రం తెలిసింది.

మా అవ్వ దేన్నీ దాచే మనిషి కాదు. అడిగిన ప్రతివాడికీ ఉన్నదున్నట్టు చెప్పింది. కామెర్లు, డాక్టరు పడుకోబెట్టమన్నాడు, తగ్గిపోతుంది అంది. ఒక్కరంటే ఒక్కరు నమ్మలేదు. కామెర్లకు అంత మగవాడు పడిపోతాడా, ఏదో దాస్తున్నారు అన్నారు. టీ బంకు దగ్గర క్షయ అని ఒకాయన తేల్చేశాడు. కాదు, పోయినేడు పందెంలో గుండెల మీద దెబ్బ తగిలింది, ఆ గడ్డకట్టిన నెత్తురు ఇప్పుడు బయటపడుతోంది అని ఇంకొకాయన. పక్క ఊరివాళ్ళు సోడాలో ఏదో కలిపి ఇచ్చారని కొందరు. కావలిలో ఎవరో అమ్మాయి కోసం బెంగపెట్టుకున్నాడని కొందరు. ఇది మాత్రం చిన్నాయన చెవిన పడితే మంచంలోంచే నవ్వాడు.

"ఆ పిల్ల పేరన్నా చెప్పినారా? చెప్తే లేచినాక పోయి చూసొస్తా," అన్నాడు.

అనుకుంటే అనుకున్నారు, ఇంటికి రాకుండా ఉంటే బాగుండేది. పొద్దున్నుంచీ దీపాలు పెట్టేదాకా మంచం చుట్టూ జనమే. వచ్చినవాళ్ళు వచ్చినట్టు అతని కనురెప్పలు లాగి చూసేవారు, పొట్ట నొక్కేవారు, నాలుక బయట పెట్టమనేవారు. అయ్యో ఎట్టుండేవాడు ఎట్టైపోయినాడు అని అతని మొహం మీదే ముక్కు చీదేవారు. ఒకరు పసరు తాగమంటారు, ఒకరు తాయెత్తు కట్టమంటారు. మా అమ్మ తరపు చుట్టం ఒకాయన మణికట్టు మీద వాతలు పెట్టే మనిషిని వెంటబెట్టుకునే వచ్చాడు. అవ్వ చీపురు తిరగేసింది. ఆ వాతల మనిషి చెప్పులు మా వాకిట్లోనే వదిలేసి పోయాడు. ఇంత సంతలో పడుకున్నవాడికి కునుకు ఎక్కడ పడుతుంది? కళ్ళు ఇంకా పచ్చబడుతున్నాయే గాని తగ్గలేదు.

నన్నూ వదల్లేదు. బడి దగ్గరా పంపు దగ్గరా పట్టుకుని మీ చిన్నాయనకు నిజంగా ఏందో చెప్పు పాపా అని బుజ్జగించేవారు. చూసింది చెప్పు, ఊహించింది చెప్పబాక అని అవ్వ నాకు గట్టిగా చెప్పి ఉంది. నేను చూసిందే చెప్పాను. పొద్దున ఇడ్లీ తిన్నాడు, చట్నీ లేకుండా తిన్నాడు అన్నాను. సాయంత్రానికి ఆ మాట ఊరంతా తిరిగి మా ఇంటికి ఎట్లా వచ్చిందో తెలుసా? పాపం గొంతులో పుండంట, మెత్తటిది తప్ప ముద్ద దిగడం లేదంట! నేను ఏడుపు మొహంతో వచ్చి చెప్తే అవ్వ ముందు మండిపడింది, తరవాత ఫక్కున నవ్వింది. ఇడ్లీలోంచి పుండు తీసినారే, వీళ్ళ తెలివి తెల్లారినట్టే ఉంది అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆమె నవ్వితే నాకూ ఏడుపు ఆగింది.

అవ్వ నవ్వలేని మాట మర్నాడు వచ్చింది. జట్టులో చిన్నాయనతో ఆడే కుర్రాడొకడు కిటికీ దగ్గరికి వచ్చి చెప్పాడు. పాపం, వాడి మనసులో చెడు లేదు, కడుపులో మాట దాగక చెప్పాడంతే.

"అన్నా, నీకు జబ్బే లేదంటుండారు. పోయినేడు పడేసినారు గదా, ఆ భయంతో ముసుగు తన్నినావంట. మనోళ్ళలో కూడా కొందరు నిజమే అంటుండారు."

క్షయ అన్నా, అమ్మాయన్నా నవ్వినవాడు ఆ మాటకు మాత్రం మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. ఇరవై దాటిన వయసు, రోషం తప్ప ఇంకేమీ వినపడని వయసు. ఆ సాయంత్రం మా నాన్న పొలం నుంచి ఇంకా రాలేదు. చిన్నాయన లేచి ఆట నిక్కరు వేసుకుని, గోడ పట్టుకుని నడవలోకి వచ్చాడు. అవ్వ బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టి లేచింది.

"యాడికిరా?"

"తోపు కాడికి. ఒక్క కూతకు పోయి వస్తా. అందరూ చూస్తారు, అంతే."

"డాక్టరేం చెప్పినాడు?"

"డాక్టరు ఈ ఊళ్ళో బతకడు గదమ్మా. నేను బతకాల."

ఆమె అడ్డం నిలబడితే పక్కకు తప్పించుకుని మెట్లు దిగాడు. వీధి దాకా పోలేదు. పందిరి గుంజ పట్టుకుని ఆగాడు, అక్కడే కూర్చుండిపోయాడు. అమ్మా అవ్వా చెరో రెక్కా పట్టి లేపి మంచం మీదికి చేర్చారు. చొక్కా అంతా చెమటే. పడుకుని గోడతో చెప్తున్నట్టు, రేపు పోతా, పడితే గీత మీదే పడతా అన్నాడు. చిన్నాయన చచ్చిపోతాడేమోనని నాకు అప్పుడే మొదటిసారి అనిపించింది. అన్నం ముందు కూర్చున్నాను గాని ముద్ద నోట్లోకి పోలేదు. అవ్వ నన్ను కసరలేదు. ఆమె కూడా తినలేదు.

పొద్దున లేచి చూస్తే మా గుమ్మానికి వేపమండలు వేలాడుతున్నాయి. పెరట్లో చెట్టు కొమ్మలు కొడవలితో కోసి గుత్తులు గుత్తులుగా కట్టింది అవ్వ. గడప పక్కన చెంబులో పసుపు నీళ్ళు, అందులోనూ వేపాకు. ఈ కాలం పిల్లలకు చెప్పాలి కాబట్టి చెప్తున్నాను. ఒంటి మీద పొక్కులు పోస్తే మా వైపు దాన్ని జబ్బు అనరు, అమ్మవారు అంటారు. అమ్మవారు వచ్చిన ఇంటి గుమ్మానికి వేపాకు కడతారు. ఆకు కనబడితే బయటివాళ్ళు గడప తొక్కరు. తలకు నీళ్ళు పోసేదాకా పడుకున్న మనిషీ గడప దాటకూడదు. ఇంట్లో తాలింపు వెయ్యరు. అన్నిటికన్నా ముఖ్యం, ఎట్లా వచ్చింది, ఎందుకొచ్చింది, ఎంతుంది అని ఎవరూ నోరు విప్పి అడగరు. అడిగితే అమ్మకు కోపం.

ఈ రోజు నుంచి తాలింపు ఎయ్యబాక అని అవ్వ మా అమ్మతో అంది. మా అమ్మ అవ్వ మొహం చూసింది, గుమ్మం చూసింది, పోపుల డబ్బా తీసి అటక మీద పెట్టేసింది. నూనె ఎట్లాగూ డాక్టరు వద్దన్నదే.

అందరికన్నా ముందు పక్కింటి పెద్దమ్మ వచ్చింది. మా పొయ్యి మీద ఏం ఉడుకుతోందో గోడ అవతలి నుంచే చెప్పగలిగే మనిషి ఆమె. చేతిలో ఏదో ఆకు పసరు గిన్నె. మెట్ల దగ్గరే ఆగిపోయి, తల ఎత్తి చూసి, తల్లీ అని రెండు చెంపలూ వేసుకుని వెనక్కి తిరిగింది. అంతే. ఇంకెవరూ రాలేదు. మా వాకిట్లో చెప్పుల చప్పుడు ఆగిపోయింది. వీధిలో పోయేవాళ్ళు కూడా మా ఇంటి ముందు గొంతు తగ్గించి మాట్లాడారు. టీ బంకు దగ్గర క్షయ అన్నవాళ్ళూ, సోడా అన్నవాళ్ళూ, అమ్మాయి అన్నవాళ్ళూ అందరూ ఒకే మాట మీదికి వచ్చారట, మేము ముందే అనుకున్నాం అని!

చిన్నాయన అన్న మాట ప్రకారం నిక్కరు వేసుకుని బయలుదేరాడు. గుమ్మంలోకి రాగానే వేపమండ నుదుటికి తగిలింది.

"ఏందమ్మా ఇది?"

"వేపాకు."

"నాకు వచ్చింది కామెర్లు గదా!"

"కాదని నేనేమన్నా అన్నానా? మన చెట్టు, మన గుమ్మం. కట్టుకున్నా."

చిన్నాయన వీధిలోకి చూశాడు. జట్టు కుర్రాళ్ళు దూరంగా నిలబడి ఉన్నారు. నిన్నటిదాకా ఎప్పుడు లేస్తావన్నా అని ప్రాణం తీసినవాళ్ళే, అతను గుమ్మంలో కనబడేసరికి హడలిపోయి, అన్నా, బయటికి రాబాక, లోపలికి పో అని అరిచారు. చెడుగుడంటే ఒంటికి ఒళ్ళు తగిలే ఆట. ఇప్పుడు తను తోపు దాకా పోయినా ఎవడు దగ్గరికి వస్తాడు, ఎవడు పట్టుకుంటాడు? అవ్వ ఊరికి మూసిన తలుపు కొడుక్కి కూడా మూసిందని అతనికి అప్పటికి అర్థమైంది. కోపంతో కాసేపు ఊపిరి గట్టిగా తీశాడు. తరవాత భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అనుకుని నేను దగ్గరికి పోతే, నవ్వుతున్నాడు. కడుపు నొప్పి పుట్టి, పట్టుకుని మరీ నవ్వాడు. నన్ను ఇంత గట్టిగా ఎవుడూ పట్టలేదమ్మా అన్నాడు. పోయి పడుకుని మధ్యాహ్నం దాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు. జబ్బు పడ్డాక అంత నిద్ర పోవడం అదే మొదలు.

పక్క ఊరి పెద్దల నుంచి కబురు వచ్చింది. అమ్మవారు ఉన్న ఊరితో ఆట ఆడేది లేదు, కోతలయ్యాక చూద్దాం అన్నారు. మా నాన్న ఆ కబురు విని అరుగు మీద చతికిలబడి, తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. ఎంత బరువు దిగిందో ఆ మొహంలో కనబడింది. తరవాత ఒకరోజు పోయినేడు చిన్నాయన కాలు పట్టి పడేసిన అవతలి ఊరి ఆటగాడే సైకిలు మీద వచ్చాడు. కొబ్బరి బోండాలు అరుగు చివర దించి, వీధిలోకి పోయి నిలబడి కేకేశాడు.

"రేయ్, నువ్వు భయపడినావని నేను అనలేదురా! ఎవుడన్నాడో తెలిస్తే వాడి పళ్ళు రాలగొడతా. తిని పడుకో. నువ్వు లేకుండా ఆడేదానికి నాకేం సరదా?"

లోపలి నుంచి చిన్నాయన అరిచేంత ఓపిక లేక నన్ను పిలిచి చెప్పమన్నాడు. నేను గడప మీద నిలబడి, మా చిన్నాయన లేచినాక ఈసారి నీ కాలు పట్టి లాగుతాడంట అని గట్టిగా అరిచాను. అతను పెద్దగా నవ్వి సైకిలెక్కాడు. ఆ రోజు చిన్నాయన బోండాం నీళ్ళన్నీ తాగి, ఇంకొంచెం జావ ఉందా అని తనంతట తను అడిగాడు.

ఆ తరవాత గడిచినంత ప్రశాంతమైన రోజులు మా ఇంట్లో నేను మళ్ళీ చూడలేదు. జావ, మజ్జిగన్నం, నిద్ర. అవ్వ రోజూ పొద్దున్నే కొడుకుని పెరట్లో ఎండకు నిలబెట్టి రెప్పలు విడదీసి చూసేది. చూసి లోపలికి పొమ్మనేది. ఒకరోజు చాలాసేపు చూసింది. తెల్లగుండాయిరా అంది, అని ఉన్నచోటే నేల మీద కూర్చుని భోరున ఏడ్చింది. అన్నాళ్ళూ ఒక్క చుక్క రాల్చని మనిషి. చిన్నాయన ఆమె పక్కన కూర్చుని ఊరుకో అమ్మా, ఊరుకో అంటున్నాడు. నేను ఎందుకు గెంతుతున్నానో తెలియకుండానే పెరడంతా గెంతాను.

తలకు నీళ్ళు పోసి, మండలు తీసేసి, నాన్న చిన్నాయనను మళ్ళీ కావలి తీసుకుపోయాడు. డాక్టరు చూసి ఇక మెల్లగా నడవమన్నాడు, ఆట సంగతి కోతల నాటికి చూద్దామన్నాడు. వాళ్ళు తిరిగి వచ్చేలోపల అవ్వ గిన్నెలో పెరుగన్నం కలుపుకుని నన్ను ఊరిచివర అమ్మవారి రాయి దగ్గరికి తీసుకుపోయింది. అన్నం అక్కడ పెట్టి, ఎదురింటావిడతో మాట్లాడినట్టే మాట్లాడింది. అమ్మా, నీ పేరు నేను ఎత్తలేదు, నీ ఆకు మాత్రం వాడుకున్నా, కోపమొస్తే నన్నడుగు, వాణ్ణి అడగబాక అంది. వచ్చేటప్పుడు దారిలో నేను ఊరుకోలేక అడిగాను, కామెర్లే అని అందరికీ నిజం చెప్పి ఉండొచ్చు కదా అని.

"నేను చెప్పింది నిజమే గదే పాపా. నోరు పోయేటట్టు చెప్పినా. ఒక్కరన్నా నమ్మినారా? నోరు మూసుకుని ఆకు కడితే ఊరంతా నమ్మింది," అంది అవ్వ.

ఆ సాయంత్రం అందరూ చిన్నాయనను చూడటానికి వచ్చారు. మొహం మీద మచ్చల కోసం వెతికారు. ఒక్కటీ లేదు. అమ్మ చల్లగా చూసింది అని వాళ్ళకు వాళ్ళే చెప్పుకున్నారు. పక్కింటి పెద్దమ్మ అందరూ పోయేదాకా ఉండి, కామెర్లకు మచ్చలు పడవులే అత్తా అని అవ్వ చెవిలో అని, నవ్వుకుంటూ పోయింది. ఆమెకు మొదటి నుంచీ తెలుసు! ఊళ్ళో వార్తలన్నీ మోసే మనిషి, ఈ ఒక్కటి మాత్రం కడుపులోనే పెట్టుకుంది. అవ్వ ఆ రోజు నుంచి ఆమె గురించి ఎవర్నీ ఒక్క మాట అననివ్వలేదు.

కోతలయ్యాక, డాక్టరు సరేనన్నాకే పందెం జరిగింది. ఎన్నడూ ఆట చూడటానికి రాని అవ్వ తోపులో ఒక చెట్టు పక్కన కొంగు తలమీద కప్పుకుని నిలబడింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. చిన్నాయన గీత దగ్గర వంగి ఇసుక ముట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. కూత మొదలుపెట్టాడు. అవ్వ చెయ్యి నా చేతిని ఎంత బిగించిందంటే వేళ్ళు నొప్పిపుట్టాయి. అతను ఎవర్నీ తాకలేదు. అవతలి ఊరి ఆటగాడు కాలి మీదికి దూకితే తప్పించుకుని, కూత తెగకుండా తిరిగి గీత ఇవతలికి వచ్చి నిలబడ్డాడు. ఊపిరి ఆడుతోంది, చెమట పట్టింది, నవ్వుతున్నాడు. అవ్వ చాలు అని ఒక్క మాట అనేసి ఇంటికి పోయింది. పందెం ఎవరు గెలిచారని అడిగితే ఈ రోజుకీ మా ఊరివాళ్ళు ఒకటి చెప్తారు, పక్క ఊరివాళ్ళు ఒకటి చెప్తారు. నాకు పట్టింపు లేదు. నేను చూడవలసింది అప్పటికే చూసేశాను.

ఎవరికైనా ఒంట్లో బాగాలేదని తెలిస్తే ఇప్పటికీ నేను వెళ్తాను. గిన్నెలో ఏదో ఒకటి వండి తీసుకుపోతాను. ఇంట్లో వంటకు మనిషి ఉందా, పిల్లల్ని బడికి ఎవరు తీసుకుపోతున్నారు అని అడుగుతాను. పడుకున్న మనిషి నిద్రలో ఉంటే గుమ్మంలోంచే తిరిగి వచ్చేస్తాను. ఏం జబ్బని అడగను. చెప్పాలనిపిస్తే వాళ్ళే చెప్తారు. చెప్తే, నమ్ముతాను.